మా ఇంటి ఇంగ్లీషు

ఆ వేసవి అంతా మా ఇంట్లో ఇంగ్లీషు చేతులతో నడిచింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మా గుమ్మంలోకి వచ్చి చూసినవాళ్ళకి అంతకంటే వింతగా ఉండేది.

నేను కుట్టుపని చేస్తాను. ఇంటి ముందుగది నా కొట్టు, వెనక గదుల్లో మా తమ్ముడి సంసారం. తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు. మరదలు క్లినిక్‌లో నర్సు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తమ్ముడు ఆవగింజ అన్నాడు, ఆ పేరే ఉండిపోయింది. పిల్లకి పుట్టుకతోనే వినపడదు, నోటితో మాట్లాడదు. చేతులతో మాత్రం మాట్లాడిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. దాని బళ్ళో నేర్పే సైగల భాష మేమంతా నేర్చుకున్నాం, నేను కాస్త ఆలస్యంగా, కాస్త వంకరగా. అది సైగలతో అన్నవాటిని ఇక్కడ మామూలు మాటల్లాగే రాస్తున్నాను. మాకవి మామూలు మాటలే.

ఆ యేడు దాని బడి చదువు అయిపోయింది. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతానంది. అన్నం తినేటప్పుడు కూడా పళ్ళెం పక్కన ఇంగ్లీషు నవల ఉండాల్సిన పిల్ల, ఇంకేం చదువుతుంది? కానీ ఆ కాలేజీలో వినపడని పిల్లల్ని అంతవరకూ చేర్చుకోలేదు. ఇంగ్లీషు శాఖ పెద్దావిడ దగ్గరికి మా తమ్ముడు మూడునాలుగు సార్లు తిరిగితే, ఈసారికి పిలిచి చూస్తాం, మిగతా అందరినీ అడిగినట్టే అడుగుతాం అంది. వాళ్ళు అడిగేదేమిటంటే, రోజువారీ వాడుకలో లేని ఇంగ్లీషు మాటలు అట్ట ముక్కల మీద రాసి చూపిస్తారు. ఆ మాట అర్థం వివరించాలి. బట్టీ పట్టి వచ్చినవాళ్ళని అక్కడే ఏరి పారేస్తారని ఆ కాలేజీకి పేరు.

మరదలికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. తల్లికి కూతురు చదువుకోవడం ఇష్టం లేక కాదు. ఒకరోజు డ్యూటీ నించి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా బల్ల దగ్గర నిలబడి మనసులో మాట బయటపెట్టింది.

"కాలేజీలో దానితో ఎవరు మాట్లాడతారు వదినా? క్లినిక్‌లో రోజూ చూస్తున్నాగా. వినపడని మనిషిని తీసుకొస్తే, నొప్పెక్కడని డాక్టరు పక్కనున్నవాళ్ళని అడుగుతాడు. మనిషి ఎదురుగానే కూచుని ఉంటుంది. ఒక్కడూ మొహంలోకి చూడడు. అక్కడ మూడేళ్ళు అలా కూచోవడం కంటే, నీ పక్కన మిషను మీద కూచుంటే నయం కదా."

నా దగ్గర రెండో మిషను ఖాళీగానే ఉంది. అయితే పిల్ల కుట్టు సంగతి నాకు తెలుసు. అది అంచు కుడితే ఆ కుట్టు బజారంతా తిరిగి వచ్చేది. చివరికి తల్లీకూతుళ్ళ మధ్య ఒప్పందం కుదిరింది. సీటు వస్తే కాలేజీ, రాకపోతే బళ్ళు తెరిచేనాటికి రెండో మిషను. ఆవగింజ సరేనని తలూపింది. రెండో మిషను వైపు మాత్రం చూడలేదు.

ఎండాకాలం అందరికీ సెలవులు గానీ కుట్టేవాళ్ళకి ఊపిరాడని కాలం. బళ్ళు తెరిచేలోగా యూనిఫారాలు అందించాలి. ముందుగది నిండా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ కట్టలు. ఆ కట్టల మీద ఎక్కి కూచుని పిల్ల తన లావుపాటి నిఘంటువు చదువుకునేది. ఇంటికెవరైనా వస్తే ముందు గుడ్డ కనబడేది, తర్వాత పుస్తకం, ఆ తర్వాత పిల్ల.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అలాంటి అరుదైన మాటలకి సైగలు లేవు. బళ్ళో సైగల టీచరు రోజువారీ మాటలకి సైగలు నేర్పింది. కష్టమైన మాట వస్తే వేళ్ళతో ఒక్కో అక్షరం చూపించేది. అలా చూపిస్తే స్పెల్లింగు వస్తుంది గానీ మాట రాదని పిల్ల గోల. "బస్సు నంబరు చదివినట్టు ఉంటుంది అత్తా. ఆ బస్సు ఎక్కడికి వెళ్తుందో తెలియదు" అంది. వాళ్ళ నాన్న పక్కనుంచి ఆ పోలికకి మురిసిపోయాడు.

అందుకని తనే ఒక పద్ధతి పెట్టింది. సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి వచ్చాక, కొట్టు తలుపు ఓరగా వేసి, నా కత్తిరింపు బల్ల మీద నా సుద్దముక్కతోనే ఒక ఇంగ్లీషు మాట రాసేది. దాని అర్థం మాకు చెప్పేది. మేం ఒక్కొక్కరం దానికో సైగ కనిపెట్టాలి. ఎవరి సైగకి తనకి నవ్వొస్తే అది ఖాయం. ఇక ఆ మాటకి మా ఇంట్లో అదే సైగ.

మొదటి రోజే నా పరువు పోయింది. ఆ రోజు మాట గారులస్. అవసరం ఉన్నా లేకపోయినా, ఎదుటివాళ్ళకి ఓపిక ఉన్నా లేకపోయినా, ఆపకుండా మాట్లాడే మనిషి అని పిల్ల అర్థం చెప్పింది. నేను ఆలోచిస్తూ ఉన్నాను. వాళ్ళు ఆలోచించలేదు. మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేరుసైగ ఉంది. నాది, రెండు వేళ్ళు కలిపి సూది పట్టుకున్నట్టు గాల్లో ఒక కుట్టు వేయడం. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి ఆ కుట్టుని నోటి దగ్గరికి తెచ్చి గబగబా వేశారు. పిల్ల పగలబడి నవ్వింది, సైగ ఖాయమైంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక పూటంతా వాళ్ళతో మాట్లాడలేదు. పూటంటే, టీ చల్లారేదాకా.

కానీ నాకూ రోజులొచ్చాయి. ఎఫెమరల్ అనే మాట వచ్చింది. కాసేపు ఉండి పోయేది, నిలవనిది అని అర్థం. నేను సుద్దముక్క పట్టుకున్నట్టు నా ముంజేతి మీద గీత గీసి, ఉఫ్‌మని ఊది, వేళ్ళతో దులిపేశాను. గుడ్డ మీద నేను గీసే గీతలన్నీ అంతే, కుట్టు పడేదాకానే వాటి బతుకు. పిల్ల ఈసారి నవ్వలేదు. లేచి వచ్చి నా ముంజేతిని పట్టుకుని చూసింది, అక్కడ నిజంగా గీత ఉందేమోనన్నట్టు. ఆ సైగ ఖాయం చేసింది. నవ్వు రాకపోయినా ఖాయమైన మొదటి సైగ నాదే, ఆ సంగతి నేను ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉంటాను.

మా తమ్ముడికి నోట్లో నాలుక లేదంటారు. బస్సులో పొద్దున్నించీ అరుపులు వినీ వినీ ఇంటికొచ్చాక పెదవి విప్పడు. అలాంటివాడు సైగల దగ్గరికి వచ్చేసరికి మమ్మల్నందరినీ మించిపోయాడు. యాంబివాలెంట్ అని ఒక మాట. మనసు రెండు వైపులా లాగడం, అటా ఇటా తేలకపోవడం. తమ్ముడు లేచి ఒక కాలు స్టూలు మీద పెట్టి, ఒక కాలు నేల మీద ఉంచి, ఎక్కాలా దిగాలా తెలియని మొహం పెట్టాడు. రోజూ వాడి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఈ బస్సు అటు వెళ్తుందా అని అడుగుతూ, వెళ్తుందని చెప్పినా ఎక్కకుండా, దిగకుండా నిలబడే జనం ఉంటారట. వాళ్ళ మీద ఇన్నేళ్ళుగా దాచుకున్న కోపమంతా ఆ సైగలో పెట్టాడు.

ఇంకో సాయంత్రం ఇనెఫబుల్ అని రాసింది పిల్ల. చెప్పడానికి ఏ మాటలూ చాలనిది. మేం ఎంత కొట్టుకున్నా దానికి సైగ దొరకలేదు. రెండుమూడు రోజులు ఆ మాట బల్ల మీద అలాగే ఉంది, దాని మీద గుడ్డ పరచకుండా పక్కనే కత్తిరించుకున్నాను. చివరికి తమ్ముడు స్టూలు మీద కూచుని స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టాడు. ఎదురుగా దేన్నో చూశాడు. ఎవరికైనా చెబుదామని తల సగం వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పేసుకున్నాడు. పొద్దుటి మొదటి బస్సులో వెనకంతా నిద్రపోతూ ఉంటారు మరి. ఏం చూశావు నాన్నా అని పిల్ల అడిగింది. అది చెప్పగలిగితే ఆ మాటెందుకు అన్నాడు వాడు.

మరదలు మాత్రం ఈ ఆటలోకి రాలేదు. వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూసేది. మేం పిలిచేవాళ్ళం కూడా కాదు, పిలిస్తే వంట ఎవరు చూస్తారని అంటుందని. ఒకరోజు మెటిక్యులస్ అనే మాట దగ్గర నేనూ తమ్ముడూ తగువుపడ్డాం. ఎంత చిన్న విషయాన్నీ వదలకుండా చూసుకునే శ్రద్ధ అని దాని అర్థం. సూదిలో దారం ఎక్కించడమే దానికి సైగ అని నేను. కాదు, బస్సు కదిలించేముందు దాని అద్దాలు సరిచేసుకోవడమని వాడు. ఇద్దరం తేల్చుకోలేక పిల్ల వైపు తిరిగితే, పిల్ల గుమ్మం వైపు చూస్తోంది. మరదలు ఎడమచేత్తో సూదిమందు సిరంజి పైకెత్తి పట్టుకున్నట్టు పెట్టి, ఒక కన్ను మూసి, చూపుడువేలితో మెల్లగా టక్కుమని కొట్టింది. అందులో గాలిబుడగ ఉందేమో చూసుకుంటోంది. ఉంది. మళ్ళీ కొట్టింది.

నా సూది గాల్లో కలిసిపోయింది. ఆ రోజు నించి మరదలి కూరలు అప్పుడప్పుడూ మాడడం మొదలైంది.

అలా మాట మీద మాట చేరింది. బస్సులో, బజార్లో, అన్నం దగ్గర మేం ఆ సైగలతోనే తిట్టుకున్నాం, పొగుడుకున్నాం. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. అలాంటిదాన్ని కరెంటు పోతే ఎఫెమరల్ అనేదాన్ని. పిల్లకి ఆ మాటలన్నీ కొట్టిన పిండి అయిపోయాయి. సీటు మన కొంగుకి ముడేసుకున్నట్టే అని నాకు ధీమా వచ్చేసింది.

అప్పుడు వచ్చింది సైగల టీచరు. తన పాత స్కర్టు నడుము వదులు చేయించుకోడానికి వచ్చి, తండ్రీకూతుళ్ళు మాట్లాడుకోవడం చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. ముందు ముచ్చటపడింది. ఆ సైగలు ఎక్కడివని నన్ను అడిగింది. మావేనని గొప్పగా చెప్పాను, ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాను. చెబుతూ ఉండగానే ఆమె మొహం మారిపోయింది.

"బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి. కానీ ఇవి మీ నలుగురికే తెలుసు. అక్కడ కాలేజీవాళ్ళు పెట్టిన దుభాషి ఉంటుంది. పిల్ల చేతులతో చెప్పింది ఆమె నోటితో చెప్పాలి. ఆమెకి ఈ సైగలు ఒక్కటీ తెలియవు. ఏం చెబుతుంది?"

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఇల్లంతా కలిసి, ఇంత తెలివి ఉపయోగించి, ఇంత తెలివితక్కువ పని చేశాం. భాష అంటే అవతలి మనిషికి కూడా తెలిసి ఉండాలనే చిన్న సంగతి మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. దుభాషిగా నేను వస్తానన్నాను. టీచరు ఆ మాట కాలేజీవాళ్ళకి చేరవేసింది కూడా. సొంతవాళ్ళు కుదరదని వాళ్ళు చెప్పారు. న్యాయమే. నేనైతే నా సొంతం నాలుగు మాటలు కలిపి చెప్పేదాన్ని.

మరదలు లోపలికి వెళ్ళి గుడ్డపీలిక తెచ్చి, రెండో మిషను మీద దుమ్ము తుడిచి, కింది దారం చుట్టే బాబిన్ తీసి చూసి, చుక్క చుక్కగా నూనె వేసింది. పెడల్ తొక్కి ఒకసారి చక్రం తిప్పింది. దానికంటే అరిచి ఉంటే బాగుండేది.

ఆవగింజ నీలం గుడ్డ కట్టల మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూచుంది. టీచరు దాని ముందు కూచుని, ఉన్న వారం పదిరోజుల్లో మాటలన్నీ వేళ్ళతో అక్షరాలుగా చూపించడం సాధన చేద్దామంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. తర్వాత చేతులు విప్పింది.

"స్పెల్లింగు వాళ్ళ అట్టముక్క మీదే ఉంటుంది కదా టీచర్. నేను మళ్ళీ అదే చూపిస్తే నాకేం తెలుసని వాళ్ళకి తెలుస్తుంది? దుభాషికి సైగ తెలియకపోతే, ఆ సైగ ఎక్కడ పుట్టిందో చూపిస్తా. మొదట మాకు తెలిసింది కూడా అలాగే."

టీచరు నా వైపు చూసింది. నేను మరదలి వైపు చూశాను. మరదలు నూనెడబ్బా మూత పెట్టింది.

ఆ మిగిలిన రోజుల్లో నా కొట్టుకి వచ్చినవాళ్ళెవరూ ఊరికే పోలేదు. కొలతలివ్వడానికి చేతులు బారచాపి నిలబడ్డ మనిషి ఎటూ కదల్లేడు కదా. పిల్ల సరిగ్గా అప్పుడు వెళ్ళి ఎదురుగా నిలబడేది. ఒక సైగ వేసి, అది ఎక్కడిదో అభినయించి చూపించేది. వాళ్ళకి అర్థమైంది నోటితో నాకు చెప్పాలి. మూలమీది పచారీకొట్టు ఆయన ఛాతీ కొలత ఇస్తూ, పిల్ల స్టూలు మీద ఒక కాలు పెట్టి నిలబడటం చూసి, ఎటూ తేల్చుకోలేక కొట్టుకులాడేవాడు అని ఠక్కున చెప్పేశాడు. తన పెళ్ళిరోజు పొద్దున తనూ అలాగే ఉన్నానని కూడా చెప్పాడు. మేం అడగలేదు.

అందరూ అలా చెప్పలేదు. రెజిలియంట్ అంటే ఎంత కుంగదీసినా మళ్ళీ లేచి నిలబడేది. దానికి మా సైగ ఎలాస్టిక్ లాగి వదలడం. అది చూసి ఒకావిడ, నడుము బిగుతుగా ఉందా అమ్మా అని అడిగింది. పిల్ల చిన్నబుచ్చుకోలేదు. ఆ పూటే సైగ మార్చింది. ముందు ఆ ఎలాస్టిక్‌ని కాలితో తొక్కి, నీళ్ళలో ముంచి, పిండి, ఆ తర్వాత లాగి వదిలింది. సాయంత్రం వచ్చినావిడ చూసి, ఇది అచ్చం మా అమ్మే అంది. నాకు అది తప్పో ఒప్పో తెలియలేదు. పిల్ల మాత్రం ఒప్పే అంది.

ఇంటర్వ్యూ రోజు నలుగురం వెళ్ళాం. తమ్ముడు తన బస్సు ఎవరికో అప్పగించి వచ్చాడు, మరదలు డ్యూటీ మార్పించుకుంది. ఇంగ్లీషు శాఖ ఒక పాత భవనంలో పై అంతస్తు. ఆ గదికి వసారా వైపు గోడ బదులు నిలువెత్తు అద్దం ఉంది. బయట బెంచీ మీద మేం, ఒక ప్యూను. లోపల బల్లకి కుడివైపు ముగ్గురు, మధ్యలో ఆ పెద్దావిడ. ఎడమవైపు మా పిల్ల, మాకు పక్కనుంచి కనబడుతోంది. పక్కన నిలబడి దుభాషి, చిన్నపిల్లే, నా కంటికి పాతికేళ్ళు ఉంటాయేమో.

అక్కడ ఒక తమాషా జరిగింది. అద్దంలోంచి ఒక్క మాట వినపడదు. లోపల పెదవులాడుతున్నాయి, ఏం మాట్లాడుతున్నారో మాకు తెలియదు. మా పిల్ల మాట్లాడేది మాత్రం ఒక్క ముక్క వదలకుండా అర్థమవుతోంది. పెద్దావిడ చేతిలో అట్టముక్క పిల్ల వైపు తిరిగి ఉంది. అయినా ఏ మాట వచ్చిందో పిల్ల చేతులు చూసి చెప్పగలిగేవాళ్ళం ఆ వసారాలో మేమే.

మొదట ముంజేతి మీద గీత గీసి ఊదింది. నా ఎఫెమరల్. దుభాషి తెల్లమొహం వేసింది. పెద్దావిడ దుభాషి వైపు చూసింది, దుభాషి నేల చూపులు చూసింది. బల్ల దగ్గర కూచున్న ఒకాయన చేతి గడియారం చూసుకున్నాడు. మరదలు నా చెయ్యి పట్టుకుంది.

పిల్ల చేతులు దించింది. దుభాషి భుజం మీద తట్టి, నన్ను చూడు అంది. అప్పుడు తాపీగా మొదలుపెట్టింది. మా అత్త గుడ్డ కత్తిరిస్తుంది. ముందు సుద్దతో గీత గీస్తుంది. ఆ గీత లేకపోతే కత్తెర ఎటు వెళ్ళాలో తెలియదు. చొక్కా కుట్టేశాక ఆ గీత ఉండదు. చొక్కా తొడుక్కున్నవాడికి అలాంటి గీత ఒకటి ఉండేదని కూడా తెలియదు. దుభాషి పెదవులు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి, తర్వాత గబగబా కదిలాయి. గడియారం చూసుకున్నాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

తర్వాత పిల్ల కుర్చీ మీద ఒక కాలు పెట్టి నిలబడింది. అది మనింటి బస్సు అని తమ్ముడు గొణిగాడు. లోపల ముగ్గురూ నవ్వారు, దుభాషి చెప్పకముందే. నేనిక ఉండబట్టలేకపోయాను. పాపం ఆ ప్యూనుకి ఏమీ అర్థం కావడం లేదని, లోపల పిల్ల అంటున్నదంతా అతనికి చెప్పడం మొదలుపెట్టాను. ఆ సైగ ఎలా పుట్టిందో, ఎవరు కనిపెట్టారో, వాడు నా తమ్ముడని, అందులో నా సలహా ఎంత ఉందో అన్నీ చెబుతూ ఉండగా, అతను అద్దం వైపు చూపించాడు. తిరిగి చూస్తే లోపలున్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. పిల్ల నోటి దగ్గర కుట్టు వేస్తూ, రెండో చేత్తో అద్దంలోంచి నన్ను చూపిస్తోంది. నా నోరు తెరిచే ఉంది. గారులస్‌కి అంతకంటే ఉదాహరణ ఆ భవనంలో వాళ్ళకి దొరికేది కాదు.

చివరి అట్టముక్క చూసి పిల్ల తల అడ్డంగా ఊపింది. తెలియదంది. మరదలు నా చెయ్యి వదిలేసి లేచి నిలబడింది. అద్దంలోంచి చూస్తే, పిల్ల ఊరుకోలేదు. దానికి అర్థమేమిటో మీరు చెప్పండి అని పెద్దావిడనే అడుగుతోంది. ఆవిడ చెప్పింది. దుభాషి సైగలు చేసింది. అప్పుడామె పిల్ల వైపు తిరిగి మాకు వీపు పెట్టింది కాబట్టి ఏం చెప్పిందో కనబడలేదు. పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత ఎడమ అరచేతిని అంచులా పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో దానిలోంచి దారం లాగి పారేసింది. అంచుని కిందికి దింపింది. కింద కొత్త కుట్టు వేసింది. ఆ పైన, పాత కుట్టు ఉన్నచోట, చూపుడువేలితో మెల్లగా ఒక గీత రాసింది.

అది నా పని. పిల్లలు ఎదుగుతారని యూనిఫారం అంచు ఎక్కువ మడిచి కుడతాను. ఏడాది తిరిగేసరికి తల్లులు పట్టుకొస్తారు. పాత కుట్టు విప్పి, అంచు దింపి మళ్ళీ కుడతాను. ఎంత ఇస్త్రీ చేసినా పాత మడత తాలూకు గీత పోదు. కానీ ఇది ఏ మాటకి చెబుతోందో నాకు తెలియలేదు. ఆ సైగ మా ఇంట్లో పుట్టలేదు. అప్పటికప్పుడు, ఆ గదిలో, అది ఒక్కతే పుట్టించింది.

బల్ల వెనక పెద్దావిడ తన ఎడమ అరచెయ్యి పైకి తెచ్చుకుని, కుడిచేత్తో దారం లాగింది. అంచు దింపింది. వేలితో గీత గీయబోయి ఆగితే, పిల్ల ముందుకి వంగి ఆవిడ వేలు పట్టుకుని సరైన చోట పెట్టింది.

బయటికి వచ్చాక దుభాషి మా దగ్గరికి వచ్చి కూచుంది. ఆ మాట పాలింప్సెస్ట్ అట. పూర్వం తోలు మీద రాసేవాళ్ళు, తోలు మళ్ళీ కావలసి వస్తే ఆ రాత గీకేసి, దాని మీదే కొత్తగా రాసేవాళ్ళు. కొత్త రాత కింద పాత రాత లీలగా కనబడుతూ ఉండేది. "నాకూ ఆ మాట ఇవాళే తెలిసిందండీ. ఎక్కడ వచ్చినా ఇక ఈ పాప సైగే వాడతాను" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా నేను విప్పి కుట్టిన అంచులెన్నో, వాటి గీతల్ని నా మేనకోడలు ఒక్కతే చూసింది.

సీటు వచ్చిందన్న కబురు క్లినిక్‌కి ఫోను చేసి చెప్పారు. మరదలు తెల్ల యూనిఫారంలోనే, డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చేసింది. నన్ను దాటుకుని, గుడ్డకట్టలు దాటుకుని వెళ్ళి కూతురికి చెప్పింది. ఏం చెప్పిందో ఆమె వీపు అడ్డమై నాకు కనబడలేదు. పిల్ల మొహం కనబడింది, చాలు.

చేరే రోజు తల్లీకూతుళ్ళతో నేనూ వెళ్ళాను. ఆఫీసు గదిలో కిటికీ వెనక ఒక గుమాస్తా తల వంచుకుని కాగితాలు నింపుతున్నాడు. పుట్టినతేదీ మరదల్ని అడిగాడు. చదివిన బడి మరదల్ని అడిగాడు. పిల్ల కిటికీకి ఎదురుగా, అతనికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. మరదలి మొహం బిగుసుకుంటోంది. పిల్ల ఏదో అడగబోయి కిటికీ చెక్క మీద మెల్లగా తట్టింది. అతను తలెత్తలేదు.

"పాప మాట్లాడదా అమ్మా?" అన్నాడు రాస్తూనే.

నేను నోరు తెరిచాను. అతనికి చెప్పవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఈలోగా మరదలు నన్ను పక్కకి జరిపి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మాట్లాడుతుందండీ. కాస్త తలెత్తి చూడండి."

గట్టిగా అనలేదు. క్లినిక్‌లో జ్వరం ఎంతుందో చెప్పే గొంతుతోనే అంది. గుమాస్తా కలం ఆగింది. అతను తలెత్తాడు. పిల్ల చేతులు పైకి తెచ్చి అడగవలసింది అడిగింది. మరదలు ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా పైకి చెప్పింది.

"లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారని అడుగుతోంది."

అతను కలం కింద పెట్టాడు. మరదలి వైపు తిరగబోయి ఆగి, పిల్ల మొహంలోకి చూశాడు. "తొమ్మిదింటికమ్మా" అన్నాడు నెమ్మదిగా, తన రెండు చేతులూ ఎత్తి, ఒక వేలు మడిచి.